మిరప కోతల్లోనూ వాక్యం అందాలి

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పేరు చరిత్రకెక్కింది. అయితే ఆ తర్వాత పల్లెపల్లెకూ నడిచి, అక్షరం రాని జనానికి బైబిలు కథలు నోటిమాటగా నేర్పిన తెలుగు బోధకుల కష్టం అంతకన్నా తక్కువది కాదు. గుంటూరులో 1842లోనే అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ హేయర్ కూడా బోధన కోసం బడులు పెట్టాడు.

ఇప్పుడు పిల్లలకు సండే స్కూలుంది, వేసవిలో వెకేషన్ బైబిల్ స్కూలు (వీబీఎస్) ఉంది. మరి పెద్దలకో? చాలా సంఘాల్లో ఆదివారం ప్రసంగమే దిక్కు. మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కే కూలీ తల్లికి ఆ ఆదివారమూ దక్కదు. రాత్రి ఇల్లు చేరేసరికి చేతివేళ్లు మండుతుంటాయి.

అందుకే బోధన పొలం పనుల్ని బట్టి మారాలి. కోతల నెలల్లో పేటలోనే, అన్నాలయ్యాక అరగంట కూడిక చాలు. సండే స్కూల్లో నేర్చిన కథను మనవరాలు చెప్పాలి, నాయనమ్మ ప్రశ్నలడగాలి. పాస్టరు పక్కన కూర్చుని వినాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, పదిమంది వాలంటీర్లకు శిక్షణ కావాలి. సంఘం బడ్జెట్లో మైకుసెట్టు కంటే ముందు ఆ ఖర్చు రాయాలి.