మూడుసార్లు పడటం అక్షరాభ్యాసం కాదు

"క్లీట్లు అలవాటయ్యేలోగా ప్రతివారూ మూడుసార్లు పడవలసిందే సార్, అది ఆనవాయితీ." అరవై ఎనిమిదేళ్ల వయసులో నేను గేరు సైకిలు కొన్నప్పుడు దుకాణదారు నవ్వుతూ చెప్పిన మాట ఇది. ఆ తరువాత హైదరాబాదు ఉదయపు సైకిలు బృందాలలో ఇదే మాటను ఇదే నవ్వుతో చాలాసార్లు విన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో విరిగిన చేతులకు పిండికట్లు వేసిన నాకు ఆ నవ్వు రుచించలేదు. పడబోయేవారి ఎముకల వయసెంతో అడిగి పెట్టిన ఆనవాయితీయా ఇది?

తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. పాదాన్ని గట్టిగా పట్టి ఉంచే ఈ పెడల్‌కు క్లిప్‌లెస్ పెడల్ అని పేరు. పూర్వం పందెపు సైకిళ్లకు కాలివేళ్లను పట్టే లోహపు తొడుగూ తోలుపట్టీ ఉండేవి. టో క్లిప్ అనే ఆ తొడుగు పోయింది కనుక ఈ విచిత్రమైన పేరు వచ్చింది. బూటు అడుగున బిగించిన క్లీట్ అనే చిన్న బిళ్ల పెడల్‌లోని స్ప్రింగు మధ్య టక్కున కూర్చుంటుంది. కాలు పైకి లాగితే అది ఊడిరాదు, మడమను బయటికి తిప్పాలి. మంచు మీద జారే స్కీ క్రీడలోని బూటు బిగింపుల నుంచి ఈ ఏర్పాటును లుక్ అనే ఫ్రెంచి సంస్థ 1984లో సైకిలుకు తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. నిమిషానికి వంద చుట్లు తొక్కేవాడి పాదం వానలో జారితే ఏమవుతుందో ఊహించండి. పందెంలో దీని అవసరాన్ని నేను కాదనను. మధుమేహం అదుపులోకి రావాలని ఉదయం పది కిలోమీటర్లు తొక్కే ఉద్యోగికి మొదటి వారంలోనే దీన్ని అంటగట్టడం పైనే నా అభ్యంతరం.

పడబోతే కాలు నేలకు ఆన్చడం శరీరం బాల్యంలోనే నేర్చుకున్న ప్రతిచర్య. ఆ కంగారులో కాలు సూటిగా పైకి లాగుతుందే గాని మడమను తిప్పదు. అందుకే కొత్తవారు వేగంలో కాక సిగ్నల్ దగ్గర, సైకిలు పూర్తిగా ఆగిన తరువాత, నిలువునా ఒరిగిపోతారు. చూసేవారికి అది హాస్యం. కాళ్లు రెండూ బందీలైనందువల్ల చాచిన అరచేతి మీద దేహభారమంతా పడుతుంది. అప్పుడు మణికట్టు వద్ద విరిగే ఎముకను గురించి అబ్రహాం కాలిస్ 1814లోనే వర్ణించాడు. చేయి చాచే వ్యవధి కూడా లేకపోతే తుంటి నేలకు తగులుతుంది. ఇరవై ఐదేళ్ల యువకుడికి అది చర్మం గీసుకుపోవడంతో సరి. బహిష్టులు ఆగిన తరువాత ఎముకలు పలుచబడిన స్త్రీకి తొడ ఎముక మెడ దగ్గర విరగవచ్చు. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కనుక ఎడమ కాలు విడిపించి కుడివైపు ఒరిగినవారు నేరుగా వాహనాల బాటలో పడతారన్నది మరో సంగతి.

"పెడల్‌ను పైకి కూడా లాగవచ్చు, సగం శక్తి ఆదా" అంటారు. శిక్షణ పొందిన సైక్లిస్టులపై జరిపి 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పైకి లాగుతూ తొక్కినప్పుడు పెడల్ మీద బలం మరింత సమంగా పడినా, అదే పనికి శరీరం ఎక్కువ శక్తి ఖర్చు చేసిందని తేలింది. ఆదా మాట అటుంచి, ఖర్చే పెరిగిందన్నమాట.

అయితే నన్ను ఇది రాయడానికి పురికొల్పింది ఎముకలు కావు, ఒక చిటికెన వేలు. మా వీధిలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. యాభై రెండేళ్లు, పదకొండేళ్లుగా మధుమేహం. సైకిలు తొక్కమని సలహా ఇచ్చినవాణ్ణి నేనే. దుకాణంలో ఆయనకు గట్టి అట్టతో బిగుతైన క్లీటు బూట్లు అమ్మారు. "బిగుతుగానే ఉండాలి, అప్పుడే శక్తి వృథా కాదు" అన్నారట. వేలి పక్కన బొబ్బ లేచింది, పగిలింది. పాదాల స్పర్శ అప్పటికే మొద్దుబారి ఉన్నందువల్ల ఆయనకు నొప్పి తెలియలేదు. మేజోడుకు అంటిన తడిని చూసి ఆయన భార్య గుర్తించింది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వేలు దక్కింది. ఆయన సైకిలు మాత్రం అమ్మేశారు. చక్కెర మళ్లీ పెరిగింది. ఆ బూట్ల విషయం ముందుగా హెచ్చరించనందుకు నా వంతు తప్పూ ఇందులో ఉంది.

నేర్చుకోదలచినవారు నేర్చుకోవచ్చు. నేనూ నేర్చుకున్నాను, ఒక్కసారి కూడా పడకుండా. సైకిలును గోడకు ఆనించి కూర్చుని, ఒక్కో పాదాన్ని రోజుకు యాభైసార్లు బిగించి విడిపించాను. వారం తరువాత ఖాళీ మైదానానికి వెళ్లాను. మూడు వారాల తరువాతే రోడ్డెక్కాను. పెడల్ మీది చిన్న మరను తిప్పి స్ప్రింగు బిగువును కనిష్ఠానికి తగ్గించుకోవచ్చు. పలు దిశలలో విడిపోయే క్లీట్లు కూడా దొరుకుతాయి, కొత్తవారికి అవే ఇవ్వాలి. ఆగబోయే చోటుకు చాలా ముందే పాదం విడిపించుకోవాలి. క్లీటు వంకరగా బిగిస్తే గంటకు దాదాపు ఐదువేల సార్లు మోకాలు మెలిపడుతుంది కనుక, నొప్పి వస్తే ఓర్చుకోక కోణం మార్చించుకోండి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంత ఉబ్బి ఉంటాయి. మధుమేహులు ముందుగా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిందని తేలితే ఇక ఈ బూట్ల ఊసే వద్దు, వెడల్పైన మామూలు పెడల్ చాలు.

దుకాణదారులను నేను కోరేది రెండే ప్రశ్నలు: మీ వయసెంత, మీకు మధుమేహం ఉందా? సైకిలు చట్రం కొలత చూడటానికి అరగంట వెచ్చించేవారికి ఇది పెద్ద భారం కాదు. ఇక బృంద నాయకులు, క్లీట్లు లేనివారిని వెనుక వరుసలో నిలబెట్టే అలవాటు మానాలి.

నా సైకిలుకు ఇప్పుడు ఒకవైపు చదునుగా, మరోవైపు బిగింపుతో ఉన్న పెడళ్లున్నాయి. ఇంటి నుంచి నార్సింగి దాకా చదును వైపే తొక్కుతాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సౌరఫలకాల కప్పు గల సైకిలు బాట ఎక్కాకే పాదం బిగిస్తాను. మా బృందంలోని కుర్రవాళ్లు నన్ను 'సగం సైక్లిస్టు' అంటారు. అననివ్వండి.