సంతకములేని త్రికోణములు

జోసెఫ్ ఆల్బర్సు చతురస్రములో చతురస్రమును నిలిపి వేసిన పటములను చూచి మనలో చదువుకొన్నవారు "ఎంతటి ఆలోచన!" అందురు. సవర చిత్రకారుడు రెండు త్రికోణములను మొనలు కలిపి నిలిపి మనుష్యుని చేసినచో "ఎంతటి అమాయకత్వము!" అందురు. ఈ రెండు మాటలకు నడుమనున్న అన్యాయమును గూర్చియే మేమిచ్చట వాదింపబూనితిమి.

2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలలో సవరల పల్లెలు కలవు. సవర సంప్రదాయములో గోడయే పటము. ఎఱ్ఱమట్టి అలికిన గోడపై, చివర నలుగగొట్టిన పుల్లతో, బియ్యపుపిండి నీటిని ముంచి గీయుదురు. మొదట గీయునది బొమ్మ కాదు, అంచు. ఆ నలుచదరము పితరులకో మఱియొక శక్తికో కట్టియిచ్చిన ఇల్లు. అంచు ముగిసిన పిమ్మటనే మనుష్యులు, గుఱ్ఱములు, సూర్యచంద్రులు లోపలికి వత్తురు. ముఖమున కనుముక్కు తీరు లేదు. అయినను ఆడువాడెవడో, మోయువాడెవడో ఇట్టే పోల్చవచ్చును. ఏది విడువవలయునో ఎఱుగనివాని చేతికి ఇట్టి గీత రాదు. 1940వ దశకములో వెరియర్ ఎల్విన్ ఒడిశావైపు కొండలలో పరిశీలించిన చిత్రములలో సైకిలును, విమానమును కూడ ఈ గీతల లోకములో చేరినవి. ఇది అమాయకత్వమే యైనచో, మాకును కొంత ప్రసాదింపుమని వేడుకొందుము.

ఇక అచ్చు సంగతి. మన పెండ్లి శుభలేఖలు అచ్చువేయు స్క్రీన్ ప్రింటింగు ఎల్లరెఱిగినదే. చిల్లుల పలకపై పిండి పోసి ముగ్గు దింపు ఇల్లాలికి దీని మర్మము చెప్పనక్కరలేదు. చట్రమునకు పట్టుగుడ్డ బిగించి, రంగు పోరాని చోట పూడ్చి, రబ్బరు పలకతో రంగును లాగుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర. మాంచెస్టరున సామ్యుయేల్ సైమన్ దీనికి 1907లో పేటెంటు పొందెను. నిండురంగు, కోసినట్టి అంచు దీని గుణములు గనుక రేఖాగణిత చిత్రకారులు దీనిని వదలలేదు. 1963లో ఆల్బర్సు తన వర్ణశాస్త్ర గ్రంథపు పటములను ఈ పద్ధతినే వేయించెను. ఇట్టి కళాకారుల అచ్చులలో ప్రతి ప్రతిమీదను పెన్సిలుతో సంఖ్యయు సంతకమును ఉండుట ఆచారము.

అదే తెరపై సవర త్రికోణములు దిగి చేతిసంచులకును, చీరలకును, శుభాకాంక్షల కార్డులకును ఎక్కినవి. సంఖ్య యెక్కడ? సంతకమెక్కడ? "గిరిజన డిజైను" అను రెండు మాటలతో సరి! యంత్రముపై మాకు కోపము లేదు. ఒక చిత్రకారునికి గౌరవము తెచ్చిన తెరయే మఱియొకని పేరును తుడిచివేయుట మాకు సహింపరానిది.

"అది జాతిసొత్తు, ఒకని పేరేల?" అందురు. త్యాగరాజుకు ముందును రాగములు కలవు. అంతమాత్రమున ఆయన ముద్రను కీర్తనలనుండి తీసివేయుచున్నామా? సవరలలో ఇంటివాడు తానే గీసికొనును, లేదా నేర్పరిని పిలిపించి గీయించుకొనును. నేర్పరిని ఎంచుకొనుట తెలిసిన జాతికి కర్త లేడనుట మన సోమరితనము.

మా సంస్కర్త మిత్రులు మఱియొకటి చెప్పుదురు: రోగము వచ్చినప్పుడు గోడపై బొమ్మ గీయించుట మూఢత్వము, దానిని పొగడరాదని. రోగమునకు మందే కావలెను. ఇందు మాకు భేదము లేదు. కాని లేపాక్షి కప్పుమీది చిత్రములకు ఈ కారణముచేతనే సున్నము కొట్టింతురా? సవర గోడకు ఒక నీతియు, విజయనగరరాజుల గుడికి ఒక నీతియునా?

గిడుగు రామమూర్తి పంతులవారు సవరల మాటను చెవియొగ్గి విని, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. వారి మాటకు దక్కిన ఆ శ్రద్ధ వారి గీతకు మన తెలుగునాట దక్కినదని మేము చెప్పజాలము. 2024లో ఒడిశావారి లాంజియా సవర చిత్రమునకు భౌగోళిక గుర్తింపు లభించెను, సంతోషమే. అది ఊరిపేరును కాపాడును, చేతిపేరును కాదు.

అచ్చువేయువారు గీసినవాని పేరు వేయవలెను; ఎన్ని ప్రతులో వానితో ముందుగా ఒప్పుకొనవలెను; ప్రతికింతయని సొమ్ము చెల్లింపవలెను. తెరను మరల వాడదలచినచో మరల అడుగవలెను. ఇక మన ఇల్లాండ్రు సంచి కొనునప్పుడు "ఈ గీత ఎవరిది?" అని అంగడివాని నడుగుదురుగాక. వానికి తెలియదేని, సంచిని బల్లమీదనే విడిచి రావచ్చును.