మారిషస్ సంపదకు పన్నులేమియే మూలమా?

పన్ను తగ్గించినచో ధనము తానై వచ్చుననియు, ధనము వచ్చినచో అభివృద్ధి దాని వెన్నంటి నడచుననియు నొక వాదము, పట్టణములందలి పండితుల గోష్ఠులనుండి మా నర్సంపేట మిరపకల్లముల వఱకు, నేడు వేదవాక్యమువలె చెల్లుబడి యగుచున్నది. వాదులు తప్పక చూపు దృష్టాంతము హిందూ మహాసముద్రమందలి మారిషస్ దీవి. చెఱకు తప్ప వేఱొండు దిక్కులేని యా చిన్న దీవి పన్నులు మానుకొని భాగ్యవంతమైనదట. కావున వెనుకబడిన తావుల కన్నిటికిని అదియే మందట. దృష్టాంతము ఘనమైనదే. దానిని చూపువారు మాత్రము సగమే చదివిరి.

ఆ దీవి మనకు పరాయిది కాదు. 1835లో అచ్చట బానిసత్వము రద్దుకాగా, చెఱకుతోటల యజమానులకు చౌకకూలీలు కావలసివచ్చి, ఒప్పందపత్రములపై గుర్తులు వేయించుకొని, రమారమి నాలుగున్నర లక్షలమంది భారతీయులను పోర్ట్ లూయిస్ రేవున దింపిరి. వారిలో తెలుగువారును కలరు. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరు మీదుగా వారికి అచ్చట కోరంగీలను పేరు నిలిచినది. ఒప్పందపు గడువు తీరిన కూలీ సైతము, 1867 నాటి శాసనము ననుసరించి, తన ఛాయాచిత్ర మతికించిన చీటిని రుసుము చెల్లించి పొంది, దానిని నిరంతరము వెంట నుంచుకొనవలసియుండెను. లేనిచో దేశదిమ్మరి యని పట్టుకొనిపోయెడివారు. పన్నులేని స్వర్గమును వర్ణించువారు ఈ చీటిసొమ్మును ఏ పద్దున వ్రాయుదురో నాకు తెలియదు.

1961లో జేమ్స్ మీడ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు, పెరుగుచున్న జనసంఖ్యను చూచి, ఆ దీవి భవిష్యత్తును గూర్చి మిక్కిలి నిరాశతో నివేదిక వ్రాసెను. 1968 మార్చి 12న స్వాతంత్ర్యము వచ్చినది. ఆ జోస్యము తప్పుట యెట్లు? పన్నులు మానుకొనుటచేతనా? చక్కెర ఎగుమతిపై ప్రభుత్వము సుంకము విధించుచునే యుండెను. ఆ సుంకపు బరువు పెద్దతోటలవారిపైననే యెక్కువగా పడెడిది. 1975 నాటి లోమే ఒడంబడికచే ఐరోపావారు ఏటేటను నిర్ణీతమైన వెలకు నిర్ణీతమైన పరిమాణమున చక్కెరను కొనుటకు కట్టుబడిరి. ఆ దశకము ముగియకమునుపే మాధ్యమిక విద్య ఉచితమయ్యెను. వసూలు చేసిన ప్రభుత్వమే బడులు తెరచినది.

అయితే, 1970లో ఎగుమతి పరిశ్రమల మండలమును నెలకొల్పి, పన్ను మినహాయింపు లిచ్చిన మాటయు సత్యమే. దానిని దాచుట నాకు తగదు. కాని యా మినహాయింపు ఊరక యిచ్చినది కాదు. పరదేశములకు పంపుటకై సరకు తయారు చేయువారికే యిచ్చినది. దాని ఫలముగా దుస్తుల కార్మికశాలలు లేచినవి, అంతవఱకు ఇల్లు కదలని స్త్రీలు వేలకొలది కూలి సంపాదించినారు. వదలుకొనిన పన్నుకు బదులుగా కంటికి కనబడు వస్తువొకటి దక్కినది.

ఇదే సూత్రము మన పూర్వులును ఎఱుగుదురు. చెఱువు త్రవ్వించి కాపాడువానికి దశబంధమను పేర భూమినో, పంటలో భాగమునో విడిచిపెట్టుట ఈ దేశమున అనాదియైన మర్యాద. రాజు కొంత ఆదాయము వదలుకొనెను. ఊరికి చెఱువు వచ్చెను. మాకు చేరువనున్న పాకాల చెఱువు, గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి 1213 ప్రాంతమున కట్టించినది, నేటికిని పొలములను తడుపుచున్నది. ఇక ఆ గణపతిదేవుడే 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును గూడ పన్ను వ్యతిరేకులు తమ సాక్షిగా పిలుచుట నాకు హాస్యాస్పదముగా తోచును. తుపానుకు పగిలి ఒడ్డుకు చేరిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలిమిని లాగికొనెడివారనియు, తాము నిర్ణీతమైన శుల్కము తప్ప మఱేమియు గొనమనియు ఆ శాసనము చాటుచున్నది. శుల్కము ముప్పదింట ఒకవంతు. వర్తకుడు కోరినది పన్నులేమి కాదు, రాజు మాటకు నిలకడ. ఆ నిలకడయే యతనికి దక్కినది.

ఇప్పుడు వాదుల ముఖ్యాయుధమునకు వత్తును. 1982లో భారతదేశమునకును మారిషస్‌కును ద్వంద్వపన్ను నివారణ ఒప్పందము కుదిరినది. దాని ప్రకారము మారిషస్ సంస్థలు మన కంపెనీల వాటాలమ్మి గడించిన లాభముపై పన్ను వేయు హక్కు నాడు మారిషస్‌కే యుండెను; మారిషస్ ఆ లాభముపై పన్ను వేయదు. ద్వంద్వపన్నును నివారించుటకు పుట్టిన పత్రము ఏకపన్నును గూడ నివారించినది! పోర్ట్ లూయిస్‌లో ఒక గది, ఒక బల్ల, ఒక నామఫలకము చాలెను. ఈ వ్యవహారమును ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము త్రోసిపుచ్చినను 2003లో సుప్రీంకోర్టు నిలబెట్టినది. పదమూడు లక్షల జనము మించని దీవినుండి, ఏండ్ల తరబడి, మనకు వచ్చిన విదేశీ పెట్టుబడిలో ఇంచుమించు మూడవవంతు వచ్చినట్లు మన లెక్కలు చూపినవి. అందలి సొమ్ములో ఎంత మనదేశమునుండియే బయలుదేరి, సముద్రస్నానము చేసి, పరదేశవేషమున తిరిగివచ్చెనో యెవరు చెప్పగలరు? దశబంధమున చెఱువు దక్కెను, ఎగుమతి మండలమున కార్మికశాల దక్కెను. ఇచ్చట మనకు దక్కినది నామఫలకము.

కనుక మా నర్సంపేటకు పన్ను రాయితీ కావలెనని సభలలో నుపన్యసించు పెద్దలను నేను వేడునది యొక్కటే: రాయితీ పత్రము వ్రాయించు దినముననే దానికి బదులుగా కట్టు మిరపకాయల శీతలగిడ్డంగి యెక్కడనో, పత్తి మిల్లు ఏ యేట తెరచుదురో, అందు ఎందఱికి పని యిత్తురో వ్రాసి చేవ్రాలు చేయుడు. ఆ పంక్తి లేని రాయితీని మే మంగీకరింపము.

పన్ను వేసిన యెడల ఆ దీవి మునిగిపోవునని వాదించినవారికి జవాబు దొరికి చాలకాలమైనది. 2016 మే నెలలో ఒప్పందము సవరింపబడి, 2017 ఏప్రిల్ 1 మొదలుకొని కొనిన వాటాల లాభముపై పన్ను వేయు హక్కు భారతదేశమునకు తిరిగి వచ్చినది. పోర్ట్ లూయిస్ రేవు నేటికిని తెరచియే యున్నది. కోరంగీల మనుమల కొఱకు ఉగాదినాడు ఆ దేశమంతటను సెలవిచ్చుచునే యున్నారు.