ఒప్పందాల్లో కనిపించని గల్ఫ్ కార్మికుడు

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. ఇద్దరూ ఆలింగనం చేసుకున్న ఫొటో ప్రపంచమంతా అచ్చయింది. పొరుగు దేశాన్ని మింగినవాణ్ని కౌగిలించుకున్నాడని గుజ్రాల్‌ను ఏళ్ల తరబడి తప్పుపట్టారు. నాకు మాత్రం ఆ విషయంలో ఆయనంటే గౌరవమే. అప్పుడు కువైట్‌లో చిక్కుకుపోయిన మనవాళ్లు సుమారు 1,70,000 మంది. వాళ్లను జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా చేర్చి, ఎయిరిండియా విమానాల్లో ఇంటికి తేవాలంటే సద్దాం సరేననాలి. దేశం పరువు గురించి నలుగురూ ఏమంటారోనని కాక, కూలికి వెళ్లినవాళ్ల ప్రాణాల గురించి ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు మన విదేశాంగ చరిత్రలో అరుదు.

మనుషులు తిరిగొచ్చారు గానీ వాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. యుద్ధం వల్ల చమురు ధర పెరిగింది. ప్రవాసుల డిపాజిట్లు బ్యాంకుల నుంచి వెళ్లిపోవడం మొదలైంది. 1991 మధ్యకల్లా దేశం దగ్గర మిగిలిన విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేంత. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల్లో తాకట్టు పెట్టింది. ఆ భారాన్ని నెత్తికెత్తుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు ఊరు వంగర, నాటి కరీంనగర్ జిల్లాలోది. మగవాళ్లను బొంబాయికీ, అక్కణ్నుంచి దుబాయి, మస్కట్‌లకూ పంపిన జిల్లా కూడా అదే. సంస్కరణల కథ చెప్పేటప్పుడు లైసెన్సుల రద్దు గురించీ, రూపాయి విలువ తగ్గించడం గురించీ చెబుతాం. జగిత్యాల నుంచీ సిరిసిల్ల నుంచీ వెళ్లి ఎండలో ఇనుము వంచినవాళ్లు పంపిన డబ్బు సంగతి అందులో రాదు. అది ఆగితే ఏమవుతుందో ఆ ఏడాది కళ్లారా చూసినా రాదు.

ఇప్పటి లెక్క ఇంకా పెద్దది. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల్లోని భారతీయులు ఇంటికి పంపింది 118.7 బిలియన్ డాలర్లు. సరుకుల వ్యాపారంలో ఆ ఏడాది మనకొచ్చిన లోటులో దాదాపు సగాన్ని ఆ డబ్బే పూడ్చింది. అమెరికా వాటా 27.7 శాతం, ఆరు గల్ఫ్ దేశాలది కలిపి సుమారు 38 శాతం. మొత్తం డబ్బులో తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం చేరాయి. చమురుకు మనం కట్టే డాలర్లలో కొన్ని, అదే దేశాల నుంచి రాయచోటిలోనో ఆర్మూరులోనో ఒక ఇంటి ఖాతాలోకి తిరిగొస్తున్నాయి. రూపాయిని నిలబెడుతున్నవాళ్లలో వీళ్లున్నారు. మరి గల్ఫ్ పాలకులతో బేరానికి కూర్చున్నప్పుడు వీళ్ల తరఫున మనం ఏం అడుగుతున్నాం?

2020లో ఏం జరిగిందో చూడండి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి. ఒక్కో దేశంలో ఒక్కో పనికి ఇంతకు తక్కువ జీతానికి మనవాణ్ని పంపబోమని ప్రభుత్వమే ఒక కనీస వేతనం పెడుతుంది. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా కార్మికుడి కోసం ఢిల్లీ చేయగలిగిన పని ఇదొక్కటే. కరోనా వేళ 2020 సెప్టెంబరులో విదేశాంగ శాఖ సర్క్యులర్లు ఇచ్చి ఆ వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. ఎమిరేట్స్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లే అని రాసింది. జీతాలు తగ్గిస్తేనే మనవాళ్ల ఉద్యోగాలు నిలుస్తాయన్నది చెప్పిన కారణం. ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీని మూలవేతనం మీదే లెక్కగడతారు కాబట్టి, ఆ కోత నెల జీతంతో ఆగేది కాదు. వలస కార్మికుల సంఘాలు అడ్డం తిరిగాయి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జూలైకి గానీ పాత వేతనాలు తిరిగి రాలేదు.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు విదేశాంగ శాఖ మర్నాడే స్పందించింది, కుటుంబాలు చెల్లాచెదురవుతాయని ఆందోళన తెలిపింది. తెలపాల్సిందే. ఆ వీసాల మీద మన రెండు రాష్ట్రాల పిల్లలు వేలల్లో ఉన్నారు. కానీ అక్కడ వేరే దేశం కొట్టిన దెబ్బకు అంత నొచ్చుకున్న శాఖే, ఇక్కడ తన చేత్తో కూలీ జీతం కోసింది. చదువుకున్నవాడి వలస దేశానికి గర్వకారణం, చదువు లేనివాడి వలస మాత్రం అతని సొంత గోల అనే చూపు మన విధానాల్లో పాతుకుపోయింది. 2022 మే నుంచి అమల్లో ఉన్న ఎమిరేట్స్ వాణిజ్య ఒప్పందాన్ని గొప్పగా చెప్పుకుంటాం. ఇలాంటి ఒప్పందాల్లో సేవల అధ్యాయం నిపుణుల గురించీ, కంపెనీలు బదిలీ చేసే ఉద్యోగుల గురించీ మాట్లాడుతుంది. తాపీమేస్త్రీకీ, ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషికీ అందులో చోటుండదు.

ఫిలిప్పీన్స్ మనకంటే చిన్న దేశం. కువైట్లో తమ పనిమనిషి శవం ఫ్రీజర్లో దొరికితే 2018లో ఆ దేశానికి కార్మికులను పంపడమే ఆపేసింది. కొన్ని నెలల్లోనే కువైట్ దిగొచ్చి ఒప్పందం మీద సంతకం చేసింది: యజమాని పాస్‌పోర్టు గుంజుకోకూడదు, ఫోను లాక్కోకూడదు. 2021లో ఫిలిప్పీన్స్ వలస కార్మికులకు ప్రత్యేక శాఖ కోసం చట్టం చేసింది. మనం 2004లో పెట్టుకున్న ప్రవాస భారతీయుల శాఖను 2016లో విదేశాంగ శాఖలో కలిపేశాం. 2024 జూన్‌లో కువైట్లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. ఆ డిసెంబరులో మన ప్రధాని 43 ఏళ్ల తర్వాత తొలిసారిగా కువైట్‌లో అడుగుపెట్టారు. వెళ్లడం మంచిదే. అంత కాలం వెళ్లకపోవడమే నాకు మింగుడుపడదు.

మనం గట్టిగా మాట్లాడితే కంపెనీలు నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లను పెట్టుకుంటాయని అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అలాగని ఆ ఇద్దరికంటే చవగ్గా దొరకాలని పోటీ పడితే నష్టపోయేది మూడు దేశాల కూలీలూ. ముగ్గురూ ఒకే మాట మీద నిలబడటమే దారి, దానికి వేదిక కూడా ఉంది. కార్మికులను పంపే ఆసియా దేశాలు 2003లో పెట్టుకున్న కొలంబో ప్రాసెస్‌కు 2024 మేలో భారత్ మొదటిసారి అధ్యక్షత చేపట్టింది. ఉమ్మడి కనీస వేతనాన్ని అక్కడ ప్రతిపాదించి తీరాల్సింది మనమే. ఒత్తిడి పెడితే గల్ఫ్ మారదన్నదీ నిజం కాదు. కార్మిక ప్రతినిధులు 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఖతార్ మీద ఫిర్యాదు చేశారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముంచుకొస్తున్న ఖతార్, 2021కల్లా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అనుమతి లేకుండా ఉద్యోగం మారనిచ్చింది.

అన్నిటికంటే నన్ను కలచివేసేది శంషాబాద్ విమానాశ్రయంలో దిగే శవపెట్టెలు. చాలా పెట్టెలతో వచ్చే మరణ పత్రంలో ‘సహజ మరణం’ అనో ‘గుండె ఆగింది’ అనో ఉంటుంది. వలస కార్మికులకు కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ఇచ్చేది ప్రమాదంలో పోతేనే. ఎండదెబ్బకు నిద్రలోనే పోయిన ముప్పయ్యేళ్ల మనిషికి అది వర్తించదు. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లినవాడైతే ఆ బీమా లెక్కలోనే లేడు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఆ మాత్రమైనా ఇస్తున్నందుకు సంతోషం. కానీ ఆ మనిషి ఎందుకు చనిపోయాడో పరాయి దేశాన్ని నిలదీసి అడిగే అధికారం రాష్ట్రానికి లేదు, ఢిల్లీకి ఉంది. గల్ఫ్‌తో ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా, అక్కడ పోయిన ప్రతి భారతీయ కార్మికుడి మరణానికీ వైద్య విచారణ జరిపి కారణం రాసివ్వాలన్న షరతు అందులో ఉండాలి.