కడచీలలు పది కొడితే బండి పరుగెత్తదు

ఇటీవల తిరుపతిలో ఒక మందుల దుకాణం ముందు ప్రకటన చూశాను. జింకు మాత్ర రోజూ మింగితే జన్యువులు మేల్కొని రోగనిరోధకశక్తి రెట్టింపవుతుందట! ఇందులో సత్యం పావలా, వ్యాపారం ముప్పావలా.

ముందుగా ఆ పావలా సత్యం వినండి. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రోటీనులు మన కణాలలో ఉన్నాయి. 1985లో కేంబ్రిడ్జిలో ఏరన్ క్లూగ్ బృందం కప్ప అండకణాలలోని అటువంటి ప్రోటీనొకదానిని పరిశీలించింది. అందులో సుమారు 30 అమైనో ఆమ్లాల భాగం పదేపదే కనిపించింది. ఒక్కొక్క భాగంలో రెండు సిస్టీనులు, రెండు హిస్టిడీనులు కలిసి ఒక జింకు అయానును పట్టి ఉంచుతాయి. ఆ పట్టు వలన మడత నిలిచి, వ్రేలివలె డి.ఎన్.ఏ.ను తాకగలుగుతుంది. అందుకే దానికి జింక్ ఫింగర్ అని పేరు. మానవదేహంలో ఇటువంటి ప్రోటీనులు వందల సంఖ్యలో ఉన్నాయి.

అయితే ఒక వ్రేలికి ఒక్క అయాను చాలు. ఎద్దుల బండి చక్రం జారకుండా ఇరుసు కొనకు కడచీల ఒకటి వేస్తాం. పది కొడితే బండి వేగం పెరుగుతుందా? పెరగదు సరికదా, అధిక మోతాదులో జింకును నెలల తరబడి మింగితే దేహానికి రాగి లోహం అందడం తగ్గుతుంది. దానివలన రక్తహీనత, నరాల బలహీనత కలుగవచ్చు.

మరి ఆ మాత్ర నిజంగా ఎవరికి కావాలి? నీళ్ల విరేచనాలతో సొమ్మసిల్లిన పసిబిడ్డకు. విరేచనాలతో పాటు జింకు కూడా బయటికి పోతుంది. ఓ.ఆర్.ఎస్. ద్రావణంతో పాటు ఆరు నెలలు నిండిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నబిడ్డకు 10 మిల్లీగ్రాములు, 10 నుండి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. కానీ విరేచనాలు కట్టగానే మూడవనాడే మాత్ర మాన్పించిన తల్లులను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. తప్పు వారిది కాదు. విడమరచి చెప్పని మా వైద్యులది.

పెద్దలకు మన వంటిల్లు చాలు. పప్పు, వేరుశనగ, గ్రుడ్డు, మాంసం తినండి. రాగులను మొలకెత్తించి, అంబలిని పులియబెట్టి తీసుకొంటే వాటిలోని ఫైటేటు తగ్గి జింకు బాగా వంటపడుతుంది.

ఆరోగ్యవంతులైన మీరు ప్రకటన చూసి మాత్ర మొదలుపెట్టకండి. విరేచనాలైన బిడ్డకు గడువు తీరకముందే మాత్ర మాన్పించకండి.