రెండో కాగితం ఎక్కడుంది?

మనసు పడిన వస్తువు కొనడానికి వెళ్లేటప్పుడు మనసును ఇంట్లోనే వదిలి వెళ్లాలి. ఈ సంగతి నాకు నలభై అయిదేళ్లకు తెలిసొచ్చింది.

నేనుండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. రెండే సీట్లు, వెనక్కి మడతపెట్టే టాపు ఉండే మాజ్డా ఎంఎక్స్-5 కొనాలని చాన్నాళ్ల కోరిక. 1989లో మొదలైన ఈ మోడల్‌కి యూరప్‌లో బోలెడంతమంది అభిమానులు. మా దగ్గరకంటే జర్మనీలో చవగ్గా కనిపిస్తాయి. ఓ శనివారం కొలోన్ దగ్గర ఎర్ర రంగు బండి చూడ్డానికి వెళ్లాను. 2016 మోడల్, 16,500 యూరోలు.

టాపు తీసి ఓ రౌండు వేశాక, ఆ బండి నాదే అనిపించింది. అమ్మే ఆయన, "ఇంకొకరు కూడా వస్తున్నారు. ఇప్పుడే 2,000 అడ్వాన్సు పంపితే మీకే ఉంచుతా" అన్నాడు. ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచాను.

అప్పుడు నాన్న గుర్తొచ్చారు. ముందురోజే వీడియో కాల్‌లో ఫొటోలు చూపించాను. నరసరావుపేట దగ్గర రెండెకరాలు కొనడానికి ఆరు నెలలు రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి. బండి అందం గురించి ఒక్క మాటా అనలేదు. "ఒరేయ్, లింకు డాక్యుమెంట్లు చూశావా? ఈసీ తీశావా?" అన్నారు. కారుకి ఈసీ ఏంటి నాన్నా అని నవ్వాను.

కారుకీ ఉంటుందండీ. జర్మనీలో బండికి రెండు కాగితాలు. మొదటిది బండితో పాటు తిరిగేది. రెండోది ఇంట్లో దాచుకునేది. అప్పు చేసి కొన్న బండయితే సాధారణంగా ఈ రెండోది బ్యాంకు దగ్గరే ఉంటుంది.

"రెండో కాగితం ఏదీ?" అన్నాను.

"బ్యాంకులో ఉంది. వచ్చే వారం పోస్టులో పంపిస్తా."

ఆయన నిజాయితీపరుడే కావచ్చు. కానీ డబ్బు ఇవాళ నాది, కాగితం వచ్చే వారం ఆయనది. యాప్ మూసేసి ఇంటిదారి పట్టాను. ఎంత దిగులేసిందో చెప్పలేను.

ఇంటికొచ్చాక చేయాల్సిన లెక్కలు అప్పుడు చేశాను. నెదర్లాండ్స్‌కి తెస్తే బీపీఎం అనే పన్ను కట్టాలి. బండి వదిలే పొగను బట్టి లెక్క, పాతబడేకొద్దీ తగ్గుతుంది. ఆరు నెలలూ, 6,000 కిలోమీటర్లూ రెండూ దాటిన బండికి ఇక్కడ మళ్లీ వ్యాట్ ఉండదు. ఏ ఒక్కటి దాటకపోయినా కొత్త కారు కిందే జమ, వ్యాట్ మనముండే దేశంలో కట్టాలి. జర్మనీ నుంచి నడిపి తేవాలంటే కుడిపక్క ఎర్రపట్టీ మీద గడువు తేదీ ఉండే ఎగుమతి ప్లేటు, దానికి ఇన్సూరెన్సు. ఇవన్నీ కలిపితే నేను చవక అనుకున్నది సగం ఆవిరైపోయింది.

రెండు నెలల తర్వాత బెల్జియంలో, ఆంట్‌వెర్ప్ దగ్గర ఇంకోటి దొరికింది. బూడిద రంగు, 1,200 యూరోలు ఎక్కువ. అక్కడ పాత కారు అమ్మేవాళ్లు కార్-పాస్ అనే కాగితం ఇవ్వాలి. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో వరసగా ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పితే అక్కడే దొరికిపోతుంది.

కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి నాన్నకు వీడియోలో చూపించాను. ఒక్కోటీ దగ్గరగా పెట్టమని, కళ్లజోడు సర్దుకుని తేదీలన్నీ చూశారు. చివర్న అన్నారు: "ఇప్పుడు చూపించరా బండి. రంగెలా ఉందో చూద్దాం."