మూత తీసి చూపించు, నాయనా!

ప్రాజెక్టు అన్న మాట చెవిని పడగానే మా కృష్ణాతీరం వాళ్ళకు ముందుగా తట్టేది నాగార్జునసాగరం. 1955 డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు; 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. అందుచేత, నాలుగేళ్ళ క్రితం మా బావమరిది మంగళగిరి నుంచి ఫోను చేసి, "బావగారూ, నేనో ప్రాజెక్టు మొదలెట్టానండీ" అన్నప్పుడు, కుర్రాడు ఏదో పెద్ద కాంట్రాక్టులోకి దిగాడు కాబోలుననుకుని సంతోషించాను. తీరా వెళ్ళి చూస్తే, పెరట్లో రేకుల షెడ్డు కింద టార్పాలిను కప్పుకుని పదేళ్ళుగా నిద్రపోతున్న మా మామగారి ఫియట్టు కారే ఆ ప్రాజెక్టు! విశేషమేమిటంటే, ఆ బండీ 1967 నాటిదే.

కార్ల పిచ్చివాళ్ళ పరిభాషలో సొంత కారు వేరు, ప్రాజెక్టు కారు వేరు సుమండీ. తాళం తిప్పితే కదిలేది సొంత కారు. తుప్పుపట్టి మూలపడ్డదాన్ని ఊడదీసి, టింకరింగు చేయించి, దొరకని సామాను కోసం ఆటోనగర్ వీధులన్నీ గాలించి, "ఇంకొక్క నెలలో అయిపోతుంది" అని ఇంట్లో ఆడవాళ్ళకు నాలుగేళ్ళపాటు చెబుతూ ఉండేది ప్రాజెక్టు కారు. మొదటిదానిలో మనిషి కూర్చుంటాడు. రెండోదాని కింద పడుకుంటాడు.

ఏమైతేనేం, మొన్న సంక్రాంతి వెళ్ళాక బండి కదిలింది. ఇక అది నలుగురికీ చూపించాలి గదా! బెజవాడలో ఇలాంటివాళ్ళు కొందరు నెలకో ఆదివారం తెల్లవారకట్ల కృష్ణ ఒడ్డున కలుసుకుంటారు. నన్నూ రమ్మన్నాడు. సరే, తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కార్ల సంగతేమిటని అనకుండా వెళ్ళాను.

అక్కడి సందడి చూస్తే నాకు పెళ్ళిచూపులే గుర్తుకొచ్చాయి. పదిహేను కార్లు వరసగా నిలబడ్డాయి, అన్నీ నలుగుపెట్టి స్నానం చేయించినట్టు మెరుస్తూ. ఒక డాక్టరుగారి అంబాసిడరు ఉంది. ఆ కార్ల తయారీ 2014 లో ఆగిపోయింది. ఆయన మాత్రం దాన్ని ఆడపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. ఒక కుర్రాడు తొలినాటి మారుతి 800 తెచ్చాడు. 1983 డిసెంబరులో ఆ బండి రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఇతగాడు పుట్టనైనా లేదు. ఇంకొకాయన జీపుకు మనిషెత్తు చక్రాలు తగిలించి తెచ్చాడు. కంపెనీవారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 లో తేల్చి చెప్పిన సంగతి ఎవరో ఎత్తగానే, ఆయన కాఫీ తెచ్చుకునే మిషతో అవతలికి నడిచాడు.

ఎవరి బండి దగ్గరకు వెళ్ళినా మొదట వంశావళి చెబుతారు. ఫలానా సంవత్సరం, ఫలానా జమీందారుగారింట్లో ఉండేది, అక్కణ్ణించి ఫలానా ప్లీడరుగారు కొన్నారు... ఆ తరువాత బానెట్టు మూత ఎత్తుతారు. అసలు ఘట్టం అదే. అందరూ లోపలికి వంగి, జాతకచక్రం చూసినట్టు చూస్తారు. ఇంజను మీద చెక్కిన నంబరూ సీ బుక్కులో రాసిన నంబరూ ఒకటేనా కాదా అన్నది అక్కడ గోత్రం కలిసిందా లేదా అన్నంత పెద్ద సమస్య.

ఇదేదో ఈ కాలపు వెర్రి అనుకునేరు, దీనికీ పూర్వులున్నారు. 1896 నవంబరు 14 న ఇంగ్లండులో మోటారుబళ్ళ వేగపు హద్దును గంటకు 4 మైళ్ళ నుంచి 14 మైళ్ళకు పెంచిన సంబరంలో, లండన్ నుంచి బ్రైటన్ దాకా ఒక ఊరేగింపు జరిగింది. దాన్ని తలుచుకుంటూ 1927 లో మళ్ళీ బళ్ళు నడిపారు. నేటికీ ఏటేటా నడుపుతున్నారు. 1905 కు ముందు తయారైన బళ్ళకే అందులో ప్రవేశం. మనదేశంలో 'స్టేట్స్‌మన్' పత్రికవారు ఢిల్లీలో 1964 నుంచి పాతకార్ల ఊరేగింపు జరిపిస్తూ వచ్చారు. ఇక చూపించుకునే సరదా అంటారా, హైదరాబాదు చౌమహల్లా భవనంలో నిజాంగారి 1912 నాటి రోల్స్‌రాయిస్ ఉంది, వెనకభాగంలో సింహాసనంతో సహా. అంతకంటె చూపించుకోవడం ఏముంటుంది!

అయితే ఆ ఆదివారం నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. పద్నాలుగు బళ్ళ మూతలు లేచాయి; మా వాడి మూత లేవలేదు. రంగు చూపించాడు, క్రోమియం బంపర్లు చూపించాడు, స్టీరింగు పక్కనుండే గేరుకర్ర వేసి చూపించాడు. మూత ఎత్తమని ఎవరైనా అడిగితే, "కొక్కెం పట్టేసిందండీ" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేసరికి నాకే ముఖం చెల్లలేదు.

కారణం నాకు తెలుసు. ఆ మూత కింద ఉన్నది ఫియట్టువారి 1089 సీసీ పెట్రోలింజను కాదు. ఒక డీజిలింజను.

మా మామగారు చీరల వ్యాపారం చేసేవారు. మంగళగిరి మగ్గాల మీద దిగిన చీరలు మూటకట్టి, కారు వెనకసీటు పీకేసి, ఆ మూటలు పేర్చుకుని ఏలూరు, రాజమండ్రి, ఒంగోలు దుకాణాలకు వేసి వచ్చేవారు. 1985 ప్రాంతంలో, పెట్రోలు ఖర్చు భరించలేక, ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చేత అందులో డీజిలింజను పెట్టించారు. ఆ రోజుల్లో డీజిలు బాగా చవక. ఎంతోమంది అలాగే పెట్టించుకున్నారు. అదేమంత తేలికపని కాదు. పెట్రోలింజన్లో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిలింజన్లో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఆ అదుముడు తట్టుకోవాలి గనుక ఇంజను బరువెక్కువ, చప్పుడూ ఎక్కువే. ముందు స్ప్రింగులు గట్టివి వెయ్యాలి, కూర్చోబెట్టే దిమ్మలు మార్చాలి, ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ కొలతకు తగ్గ ఇనప పలక కోయించి బిగించాలి. ఆ మేస్త్రీ అవన్నీ చేశాడు. మామగారు ఇంజను మార్పు సీ బుక్కులో ఎక్కించారు కూడాను. ఆ బండి ఆ తరువాత పాతికేళ్ళు తడతడమంటూ తిరిగింది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మావాడు అసలు సంగతి చెప్పాడు. 2021 లో కేంద్రప్రభుత్వం పాతబళ్ళకు ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. యాభై ఏళ్ళు దాటి, పుట్టిన రూపం చెడకుండా ఉన్న సొంత బళ్ళను వింటేజి బళ్ళుగా నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు, నంబరు పలక మీద 'వీఏ' అన్న అక్షరాలుంటాయి, గడువు పదేళ్ళు. కాని చట్రంలోగాని, పై తొడుగులోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. "అంచేత, బావగారూ, ఆటోనగర్‌లో పాత పెట్రోలింజను ఒకటి మాట్లాడాను. గేరుపెట్టె, బిగింపు కూలీ అన్నీ కలిపి లక్షా ఇరవైవేలు. పదివేలు బయానా ఇచ్చేశాను. అక్కతో మాత్రం అనకండి."

మిగతాది ఎక్కణ్ణించి తెస్తావయ్యా అంటే, కూతురి కాలేజీ ఫీజుకని బ్యాంకులో వేసిన డబ్బున్నదన్నాడు.

దాపరికం నాకు చేతకాదు. భోజనాల దగ్గర బయటపడింది. మా ఆవిడ కంచం ముందు నుంచి లేచి నిలబడింది.

"ఆ ఇంజను తెచ్చిన డబ్బుతోనే గదరా నేను గుంటూరు వెళ్ళి బీయస్సీ చదివింది! ఇప్పుడు దాన్ని పీకెయ్యడానికి నీ కూతురి చదువు డబ్బు తీస్తావా?"

"నీకేం తెలుసక్కా! ట్రాక్టరింజనని నవ్వుతారు. నాలుగేళ్ళు కష్టపడ్డాను. నలుగురిలో మూత ఎత్తలేకపోతున్నాను."

వాడి గొంతు వణికింది. నాకు వాడి మీద కోపం రాలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనిషి తన చేత్తో చేసిన పని నలుగురూ చూసి బాగుందనాలని కోరుకోవడం తప్పు కాదు. వాడి గోళ్ళలో నాలుగేళ్ళ గ్రీజు ఉంది.

అత్తగారు అప్పటిదాకా మాట్లాడలేదు. మజ్జిగ వడ్డిస్తూ, "మీ నాన్నగారు ఆ ఇంజను పెట్టించిన్నాడు దాచుకోలేదురా. ఊరి మొదట్లో ఉండగానే చప్పుడు వినబడేది. నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని" అన్నారు. అంతే, మరి ఆ ప్రసక్తి తేలేదు.

నేను మాత్రం మర్నాడు ఆ కూటమిలో పెద్దాయన ఒకరింటికి వెళ్ళాను. ఆయన దగ్గర 1954 నాటి మోరిస్ మైనర్ ఉంది. సీటు చిరుగులు సైతం కుట్టించకుండా ఉంచారు. అసలు సరుకంటే ప్రాణమిచ్చే మనిషి. "మార్పు చేసిన బండి మీ భాషలో ప్రక్షిప్తాలు చేరిన కావ్యంలాంటిది, మేష్టారూ" అన్నారు. కాదనలేకపోయాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే నిలిచిన బండి ఆ కాలానికి సాక్ష్యపత్రం. ఏ ఇనుము వాడారు, ఏ రంగు వేశారు, ఏ మర ఎలా బిగించారు అన్నది అది చెబుతుంది. ఒకసారి చెరిపితే మరి దొరకదు.

"అయితే పెట్రోలింజను పెట్టించమంటారా?" అన్నాను.

ఆయన నవ్వారు. "ఎవరిదో కారులో ఊడదీసిన ఇంజను, ఇంకో నంబరుతో ఉన్నది, తెచ్చి దీనికి పెడితే అది అసలెలా అవుతుందండీ? ఒక ప్రక్షిప్తం తీసి ఇంకో ప్రక్షిప్తం పెట్టడమే. పైగా మొదటిది నిజంగా జరిగిన ముచ్చట, రెండోది వేషం. ఆ నమోదు వస్తుందన్న నమ్మకమూ నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి."

దారిపొడుగునా ఆ మాటే ఆలోచిస్తూ వచ్చాను. మన తాటాకు పుస్తకాలకు ఎత్తి రాసినవాళ్ళు చాలాచోట్ల చివర తమ పేరూ, రాసిన సంవత్సరమూ వేసి, తప్పులుంటే క్షమించమని కోరేవారు. బ్రౌను దొరగారు వేమన పద్యాలు 1829 లో అచ్చువేయడానికి ముందు ప్రతులెన్నో తెప్పించి పోల్చి చూడవలసి వచ్చింది. ఎక్కడ ఎవరి చెయ్యి పడిందో తెలియక. చెయ్యి పడటం దోషం కాదు. పడ్డ చెయ్యిని దాచడం దోషం. ఈ మాటే బావమరిదితో అన్నాను. ఏమీ అనలేదు. కాని నాలుగురోజులకు బయానా వెనక్కి అడిగాడని తెలిసింది. పదివేలలో ఆరువేలు వచ్చాయి. నాలుగువేలకు జ్ఞానం వచ్చిందనుకోవాలి.

మళ్ళీ నెల ఆదివారం అత్తగారిని కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాం. బండి ఆగీ ఆగకముందే ఆవిడ, "మూత తీసి చూపించు, నాయనా!" అన్నారు. మావాడు ఒక్క క్షణం నిలబడి, మూత ఎత్తాడు. పక్కన ఒక అట్ట ఆనించాడు. దాని మీద తెలుగులో రాసి ఉంది, దస్తూరి మా మేనకోడలిది: "బండి 1967. ఇంజను అసలుది కాదు. చీరల వ్యాపారం నిమిత్తం 1985 ప్రాంతంలో బెజవాడ ఆటోనగర్‌లో డీజిలింజను పెట్టించబడినది."

నవ్వినవాళ్ళు నవ్వారు, అబద్ధమెందుకు. ఒకాయన అట్ట చదివి, పెదవి విరిచి వెళ్ళిపోయాడు. కాని డాక్టరుగారి అంబాసిడరు తోలుకొచ్చిన ముసలి డ్రైవరు ఒకాయన గొంతుక్కూర్చుని, కిందనుంచి ఆ ఇనప పలక చూసి, "ఎవరు కోశారు బాబూ ఇది? జానెడు ఇనుము, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. దాంతో పదిమంది మూగారు. పలక ఎలా కోస్తారు, దిమ్మలు ఎలా వేస్తారు అని కుర్రవాళ్ళు అడుగుతుంటే మావాడు చెబుతూనే ఉన్నాడు. మోరిస్ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "ప్రక్షిప్తమే, అయితే కవి గట్టివాడు" అన్నారు నాతో, మెల్లిగా.

వెళ్ళే వేళయింది. వాడు తాళంచెవి సగం తిప్పి, డాష్‌బోర్డు మీద హీటరు తీగె ఎర్రబడేదాకా ఆగి, పూర్తిగా తిప్పాడు. తడతడమని కృష్ణ ఒడ్డంతా మోగింది. వెనకసీట్లో అత్తగారు కొంగు సర్దుకుని, "ఇంటికి వెళ్ళాక ఎసరు పెట్టాలి" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

బండి రంగింకా కొంత మిగిలే ఉందిట. ఇంకొక్క నెలలో అయిపోతుందంటున్నాడు.